వెల్వెట్ కర్టెన్లూ, మా వీధి గదీ

పోయిన ఆదివారం మా కోడలు హాలుకి కొత్త కర్టెన్లు కుట్టిద్దామని పిలిపిస్తే, రాజమండ్రిలోనే ఉన్న ఒక షాపు నుంచి ఒకాయన లావుపాటి నమూనా పుస్తకాలు మోసుకుంటూ మా అపార్ట్‌మెంటుకి వచ్చి, సోఫాలో కూర్చుని పేజీలు తిప్పుతూ, ఇది లినెన్ అండీ, ఇది పాలిస్టర్ అండీ, ఇదైతే బ్లాకౌట్ అండీ, పగలు కూడా అర్ధరాత్రిలా ఉంటుందండీ అని చెబుతుంటే, పగటిపూట అర్ధరాత్రి ఎవరికి కావాలో నాకు బోధపడక, అయినా అడిగితే చాదస్తం అంటారని నోరు మూసుకుని టీ తాగుతూ కూర్చున్నాను. అలా బుద్ధిగా కూర్చున్నదాన్ని, ఆయన చివరి పుస్తకంలో వెల్వెట్ పేజీ తెరిచేసరికి ఇక ఉండబట్టలేక, కప్పు పక్కన పెట్టి, ఆ ముక్కని ఒకసారి కిందకీ ఒకసారి పైకీ నిమిరి, దీనికి తల ఎటో కాళ్లు ఎటో చూసే కత్తిరిస్తారా మీ టైలర్లు అని అడిగేశాను. "మీరు కూడా ఈ లైన్లోనే చేశారాండీ?" అన్నాడాయన ఆశ్చర్యంగా. లేదు నాయనా, నేను పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని, కానీ మా ఇంట్లో ఒకప్పుడు ఆ తలాకాళ్లూ చూసుకోకపోవడం వల్ల జరిగిన భాగోతం వినాలంటే నీ పుస్తకాలన్నీ మూసి తీరిగ్గా కూర్చోవాలి అన్నాను. పాపం ఆయనకి కొవ్వూరులో ఇంకో ఇల్లు చూడాల్సిన పని ఉందట. మా కోడలు ఈలోగా బూడిద రంగు ఎంచుకుంది, చేతిలో డబ్బు పెట్టుకుని బూడిద రంగు కొనుక్కోవడం ఏంటో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయనకి చెప్పలేకపోయిన ఆ భాగోతం మీకైనా చెబుదామని కూర్చున్నాను.

మాది పాలకొల్లుకి దగ్గర్లో కాలువని ఆనుకుని ఉన్న ఊరు. ఇల్లు ఉమ్మడిది. పెదనాన్నగారు ఇంటికి పెద్ద, వ్యవసాయమూ కొబ్బరితోటలూ ఆయనే చూసుకునేవారు, మా నాన్నగారు ఊళ్లో ఎలిమెంటరీ స్కూల్లో మాస్టారు. పెద్దమ్మ, అమ్మ, మామ్మ, పిల్లలం, ఇంతమందికి ఇంట్లో ఎన్ని గదులున్నా వెలుతురున్న గది మాత్రం ఒక్కటే, అదే వీధి గది. మన ఈడు వాళ్లకి చెప్పక్కర్లేదు, ఆ కాలపు ఇళ్లల్లో లోపలికి వెళ్లేకొద్దీ చీకటి, పగలు కూడా తడుముకుంటూ నడవాల్సిందే. వీధి గదికి మాత్రం వీధివైపు పెద్ద పెద్ద కిటికీలు, సూదిలో దారం ఎక్కించుకోవడానికి కళ్లజోడు అక్కర్లేనంత వెలుతురు. అంత మంచి గదిని మా ఇంటి మగవాళ్లు దేనికి వాడేవారో ఊహించండి చూద్దాం. పేకాటకి.

భోజనాలయ్యాక జంపఖానా పరిచేవారు. పెదనాన్నగారు, పక్కింటి బాబాయిగారు, రైసు మిల్లు గుమస్తాగారు ముందే చేరేవారు, బడి వదలగానే చొక్కా విప్పి చిలక్కొయ్యకి తగిలించి నాన్నగారు నాలుగో చెయ్యిగా కూర్చునేవారు, వేసవి సెలవులైతే ఆయనే అందరికంటే ముందు. పందేలేమీ పెద్దవి కావు, అరిచేది మాత్రం ఆస్తులు పోతున్నంత గట్టిగా అరిచేవారు. అక్కడ ఒక సామ్రాజ్యం నడుస్తుంటే, మా అమ్మ కుట్టుమిషను వెనకవైపు ధాన్యం బస్తాల గదిలో, ఎలకలకీ మాకూ మధ్య, ఉన్న ఒక్క చిన్న కిటికీ కింద ఉండేది. అమ్మ పెళ్లికి ముందే టైలరింగు పరీక్ష పాసయింది. జాకెట్టు తీరుగా కుడుతుందని పేరు పడి, ఊళ్లో కొందరు ఆడపిల్లలు నేర్పమని రావడం మొదలుపెట్టారు కానీ, బస్తాల గదిలో వాళ్లని కూర్చోబెట్టడానికి చోటూ లేదు, వెలుతురూ లేదు, పైగా ఎప్పుడూ పాలేళ్లు బస్తాలు మోసుకుంటూ తిరుగుతుంటారు కనక వాళ్ల అమ్మలు పంపడానికి వెనకాడేవారు. వీధి గది ఇస్తే కుట్టు నేర్పుకుంటాను అన్నది అమ్మ కోరిక. చాలా చిన్న కోరికలాగే ఉంటుంది కానీ ఆ ఇంట్లో అది అడగడం మాటలు కాదు.

ఎందుకంటే మా వైపు అప్పట్లో కోడళ్లు బావగారికి ఎదురుపడి మాట్లాడేవారు కారు. ఏదైనా చెప్పాల్సి వస్తే గుమ్మం చాటున నిలబడి అత్తగారితో అంటున్నట్టు అనాలి, అత్తగారు ఆ మాటని కొడుక్కి చేరవెయ్యాలి. మా అమ్మ గుమ్మం వెనక నుంచి స్పష్టంగా చెప్పిన మాటని, గుమ్మానికి ఇటు కూర్చున్న పెదనాన్నగారు మొదటిసారి విననట్టు ఎటో చూసేవారు, మామ్మ అదే మాట తిరిగి చెప్పాక అప్పుడే విన్నట్టు తల ఊపేవారు. మామ్మ ఊరికే చేరవేసే మనిషి కాదు, మధ్యలో తన ఉప్పూ కారం కలిపేది. వీధి గది సంగతి అమ్మ రెండు మూడుసార్లు అలా కదిపి చూసింది, మామ్మ చేరవేసింది, పెదనాన్నగారు తల ఊపారు, పేకాట మాత్రం అలాగే సాగింది.

అలా ఉండగా పెదనాన్నగారికి షష్టిపూర్తి వచ్చింది. అంతకుముందు ఏదో కోర్టు పని మీద కాకినాడ వెళ్లినప్పుడు ఒక పెద్ద ఆఫీసరుగారింట్లో భోజనం చేశారట, ఆ ఇంటి హాల్లో వెల్వెట్ కర్టెన్లు చూశారట, ఇక అప్పట్నుంచి ఆయనకి అదే ధ్యాస. షష్టిపూర్తి నాటికి మన సావిడి గుమ్మానికీ వెల్వెట్ కర్టెన్లు ఉండి తీరాలన్నారు. వైశాఖమాసపు ఎండలో వెల్వెట్ ఏంటండీ, ఉన్న గాలి కూడా ఆగిపోదూ అని పెద్దమ్మ మొత్తుకుంది, మామ్మ అయితే మఖమల్ గుడ్డ రథానికి కడతారు గానీ గుమ్మానికి కడతారా అని నవ్వింది, కానీ ఆయన పట్టు పడితే పట్టే. పాలకొల్లు నుంచి టైలరుని పిలిపిస్తే, పెళ్లిళ్ల రోజులు, శ్రావణం దాకా ఖాళీ లేదండి అని చెప్పి వెళ్లిపోయాడు. పెదనాన్నగారు పేకముక్కలు చేతిలో పట్టుకునే దిగులుగా కూర్చున్నారు. అప్పుడు గుమ్మం చాటు నుంచి అమ్మ గొంతు వినపడింది. "అత్తయ్యగారూ, కర్టెన్లు నేను కుడతానని చెప్పండి."

బాబాయిగారు పక్కుమని నవ్వారు, జాకెట్టు కుట్టినంత తేలికా అమ్మా అది అన్నారు. ఆ నవ్వుకి పెదనాన్నగారికి పౌరుషం వచ్చిందో, లేక నిజంగానే సరదా పుట్టిందో తెలియదు, మామ్మ చేరవేసేదాకా కూడా ఆగకుండా గుమ్మం వైపు తిరిగి, "అమ్మాయ్, కాకినాడలో చూసినట్టు కుట్టావనుకో, ఈ గది నీది, మేం అరుగు మీదకి పోతాం. కుట్టలేకపోతే మళ్లీ ఈ గది మాట ఎత్తకూడదు. సరేనా?" అన్నారు. పేకాట మనుషులు కదా, ఏదైనా పందెంగానే తేలాలి. సరేనని అమ్మ అంది. నాన్నగారు ఆ పక్కనే, చేతిలో ముక్కలు విసనకర్రలా విప్పుకుని, ఇటు పెళ్లాం అటు పేకాట, ఎటూ మొహం తిప్పలేక ముక్కల్లోకే చూస్తూ ఉండిపోయారు.

గుడ్డ కొనడానికి అమ్మ, నాన్నగారు, నేను రాజమండ్రి వెళ్లాం. పాలకొల్లులో రైలెక్కి, నిడదవోలులో మారి, కొవ్వూరు దాటగానే వంతెన మీద గాలికి అమ్మ జడలోని మల్లెపూలు నా ఒళ్లో రాలడం నాకు ఇప్పటికీ గుర్తు. అమ్మ ఆ రోజు ఎంత హుషారుగా ఉందంటే, ఇంట్లో గుమ్మం చాటున ఉండే మనిషీ ఈమే ఒకరేనా అనిపించింది. మెయిన్ రోడ్డులో ఎన్ని కొట్లు ఎక్కి దిగామో చెప్పలేను. ఆకుపచ్చ చూసింది, నెమలికంఠం చూసింది, నీలం చూసింది. ప్రతి థానునీ కొట్టు గుమ్మం దాకా తెప్పించి ఎండలో పెట్టి చూసేది, గుప్పిట్లో నలిపి వదిలి ముడత ఎంతసేపట్లో పోతుందో చూసేది, గోటితో గీసి పైన మెత్తటి నూగు మళ్లీ లేస్తుందో లేదో చూసేది, తిరగేసి వెనక నేత బిగువు చూసేది. కొట్టతను, కర్టెన్లకేనా తల్లీ, లేక గుడ్డకి పెళ్లిచూపులా అన్నాడు. చివరికి మెరూన్ రంగు నూలు వెల్వెట్ ఒకటి నచ్చింది. పగలు హుందాగా ఉంటుంది, దీపం పెట్టాక నిండుగా ఉంటుంది, దుమ్ము పడ్డా తొందరగా తేలదు అని అమ్మ లెక్క. ఈ పరీక్షలన్నీ అయ్యేలోపు నాన్నగారు పక్క కొట్లో గోళీసోడాలు తాగుతూ కూర్చున్నారు.

ఇక ఇంటికొచ్చాక కత్తిరించడం. సావిడి మధ్యలో చాప పరిచి, ఒక కొస అమ్మ, ఒక కొస మామ్మ పట్టుకుని, అచ్చం ఉతికిన చీరని మడతపెట్టేటప్పుడు ఇద్దరాడవాళ్లు ఎదురుబొదురుగా నిలబడి పట్టుకుంటారే, అలా బిగించి పట్టుకుని, ఇద్దరూ దగ్గరికి నడిచి కొసలు కలిపి, మడత దగ్గర కత్తెర వేశారు. రెండూ వెంట్రుకవాసి తేడా లేకుండా సమానంగా వచ్చాయని మామ్మ తెగ మురిసిపోయింది. మడత ఉన్న వైపు పైన, కొసలున్న వైపు కింద అనుకుని అమ్మ వెంటనే రింగులు కుట్టడం మొదలుపెట్టింది. మీలో కుట్టుపని తెలిసినవాళ్లు ఇక్కడే తల పట్టుకుని ఉంటారు. మాకు తెలియలేదు. అమ్మ నేర్చుకున్నది జాకెట్లూ, లంగాలూ, గౌన్లూ. మా ఇంట్లో పొడుగాటి గుడ్డ అంటే చీర, చీరని ఎలా మడిచినా చీరే.

షష్టిపూర్తికి ఇంకా కొద్దిరోజులుందనగా ఒక సాయంత్రం కర్టెన్లు వేలాడదీశారు. ఇంటిల్లిపాదీ సావిడిలో చేరాం. మెట్ల బల్ల ఎక్కి నాన్నగారు రింగులు కర్రకి ఎక్కించి దిగి, రెంటినీ దగ్గరికి లాగేసరికి తేడా బయటపడింది. ఎడమవైపుది చిక్కటి మెరూన్ రంగు, కుడివైపుది ఎన్నో ఏళ్లు ఎండలో ఉతికి ఆరేసినట్టు వెలవెలబోతూ ఉంది. ఒకే థానులో గుడ్డ, ఒకే చేత్తో కత్తిరించిన గుడ్డ. పెదనాన్నగారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని, "ఇదేంటమ్మా, ఒకటి కొత్తదీ ఒకటి పాతదీ తెచ్చారా?" అని మామ్మని అడిగారు. బాబాయిగారైతే ఒకటి అమావాస్య, ఒకటి పౌర్ణమి అని పాటలాగా అందుకున్నారు. కొట్టువాడు మోసం చేశాడేమో రేపే వెళ్లి కడిగేద్దామని గుమస్తాగారు లేచారు కానీ, ఒకే థాను అని అమ్మకి తెలుసు కనక ఆ మాట ఒప్పుకోలేదు. కుడివైపు కర్టెన్ వెనక నిలబడి ఉంది అమ్మ, కింద నుంచి పాదాలు మాత్రం కనపడుతున్నాయి, ఆ పాదాలు ఎంతసేపటికీ కదలలేదు.

పెదనాన్నగారు కోప్పడే మనిషి కాదు. పోనీలెమ్మని, ఆ రోజుకి పాత పువ్వుల కర్టెన్లే వేద్దామని అన్నారు, కానీ పందెం పందెమే అని కూడా అన్నారు. మర్నాడే గుమస్తాగారు వీధి గదికి కొత్త జంపఖానా ఒకటి పట్టుకొచ్చారు, గది ఇక శాశ్వతంగా తమదేనన్న సంబరంతో. నేను ఆ పూట అమ్మ వెనకే తిరిగాను. ఏడవలేదు అమ్మ, మామూలుగానే వంట చేసింది, వడ్డించింది, కానీ మిషను మీద దుప్పటి కప్పేసింది. అది చూస్తే నాకే ఏడుపొచ్చింది.

భోజనాలయ్యాక వీధి గదిలో పేకాట సాగుతూ, మిగతావాళ్లు ఎండకి కునుకు తీస్తుంటే, కర్టెన్లు దింపేద్దామని అమ్మ సావిడిలోకి వచ్చింది. నాన్నగారు అక్కడ పడక కుర్చీలో పడుకుని ఉన్నారు. ఆ రోజు ఆయన పేకాటకి వెళ్లలేదు, తలనొప్పి అని చెప్పారు. చాలాసేపట్నుంచి ఆ కర్టెన్లనే చూస్తున్నట్టున్నారు. అమ్మ మెట్ల బల్ల జరుపుతుంటే, "ఏమోయ్, ఆగు" అని లేచి, కర్టెన్ దగ్గరికి వెళ్లి వేలితో దాని మీద అమ్మ పేరులోని మొదటి అక్షరం రాశారు. నూగులో అక్షరం స్పష్టంగా లేచింది. అమ్మ అటూ ఇటూ చూసి, ఎవరైనా చూస్తారండీ అని కంగారుపడింది.

సంగతేంటంటే, పెళ్లికాక ముందు నాన్నగారికి సినిమాల పిచ్చి. పాలకొల్లు హాల్లో బాల్కనీ కుర్చీలకి వెల్వెట్ ఉండేదట, ఆట మొదలయ్యేదాకా కుర్రాళ్లందరూ ముందు కుర్చీల వీపుల మీద వేలితో పేర్లు రాసి చెరపడమే పనట. అరచెయ్యి ఒకవైపు నిమిరితే ముదురు రంగు, ఎదురు నిమిరితే లేత రంగు. పేర్లు రాసి రాసి ఆయనకి అలవాటైన విద్య అది. అమ్మ చెయ్యి పట్టుకుని ఎడమ కర్టెన్ మీద కింద నుంచి పైకి నిమిరించారు, నున్నగా జారింది. కుడివైపు దాని మీద అలాగే నిమిరిస్తే చేతికి గరగరా అడ్డుపడింది. "గుడ్డలో తేడా లేదోయ్. ఇది తలకిందులుగా వేలాడుతోంది, అంతే" అన్నారు. చీర మడిచినట్టు మడిచి మధ్యకి కత్తిరించి, రెండిటికీ మడతవైపునే తల చేసేసరికి, ఒకదాని నూగు కిందకీ ఇంకోదాని నూగు పైకీ పోయిందన్నమాట.

అమ్మ ముఖం వెలిగిన తీరు నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టుంది. వెంటనే ఏదో గుర్తొచ్చి ఆగింది. "మరి మీ పేకాటండీ?" అంది. నేనెప్పుడూ వాళ్లిద్దరూ అంత దగ్గరగా నిలబడి మాట్లాడుకోవడం చూడలేదు. నాన్నగారు నవ్వి, "అరుగు మీద వెన్నెల కూడా ఉంటుంది, ఆటకేం" అన్నారు. ఆయనకి ఆ ఆట అంటే ప్రాణం, అది ఊరందరికీ తెలుసు. ఆ మాట నోరు విప్పి చెబితే తన ఆటకే ఎసరని తెలిసీ, ఒక పూటంతా ఆ పడక కుర్చీలో ఆలోచించి మరీ చెప్పారు. ఆయన ఊరుకుని ఉంటే ఎవరికీ ఎప్పటికీ తెలిసేది కాదు.

ఆ మధ్యాహ్నమే అమ్మ కుడివైపు కర్టెన్ కుట్లన్నీ ఊడదీసింది. కింద అంచుని పైన, పైన అంచుని కింద పెట్టి తిప్పి కుట్టాలి. కుట్టడం ఎంతసేపు, కానీ పాత కుట్లు ఉన్నచోట నూగు అణిగిపోయి గీతలు పడి ఉన్నాయి. బొగ్గుల ఇస్త్రీపెట్టె తెచ్చి ఒక మూల కాస్త తాకించిందో లేదో అక్కడ నూగు పడుకుండిపోయి అద్దంలా మెరవడం మొదలుపెట్టింది, అమ్మ చటుక్కున పెట్టె పక్కకి లాగేసింది. అప్పుడు గుర్తొచ్చిందట, వెల్వెట్ జాకెట్టుకి ఇస్త్రీ పనికిరాదు, ఆవిరి పట్టాలని టైలరింగు మాస్టారమ్మ చెప్పిన సంగతి. జాకెట్టుకైతే కాఫీ గిన్నె ఆవిరి చాలు, ఇంత పొడుగు కర్టెన్‌కి ఎంత ఆవిరి కావాలి? మామ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. షష్టిపూర్తికి ముందుగానే దిగుతున్న చుట్టాల ఫలహారాలకని పెరట్లో గాడిపొయ్యి మీద పెద్ద గుండిగ పెట్టించి, దాని మూతికి బట్ట కట్టి మినప కుడుములు వండించడం అప్పటికే మొదలయింది. ఒక వాయి దించగానే, కుడుముల సంగతి తర్వాత, ముందు గుడ్డ పట్టండి అంది.

ఆ ఎండలో, ఆ పొయ్యి దగ్గర, మామ్మా పెద్దమ్మా కర్టెన్‌ని వెనకవైపు ఆవిరికి తగిలేలా గుండిగ మీద ఎత్తి పట్టుకుని నెమ్మదిగా జరుపుతుంటే, అమ్మ కోటు బ్రష్షుతో నూగుని మెల్లగా పైకి దువ్వింది. ఆవిరి పట్టినకొద్దీ ఆ గీతలు ఒక్కొక్కటే మాయమయ్యాయి, ఇస్త్రీ మచ్చ కూడా చాలావరకు పోయింది. ముగ్గురి ముఖాలూ ఎర్రగా కందిపోయి చెమటలు కారుతున్నా నవ్వులే నవ్వులు, పెద్దమ్మ అయితే ఈ గుడ్డ తెచ్చిన మహానుభావుణ్ణి కూడా తీసుకొచ్చి ఇదే ఆవిరికి పట్టాలి అంది. ఆరాక చూస్తే కర్టెన్ కొత్తది కొత్తగానే ఉంది, కాకపోతే దగ్గరికెళితే కమ్మగా మినప కుడుముల వాసన.

షష్టిపూర్తి రోజు పొద్దున్నే, పట్టుబట్టలు కట్టుకుని మళ్లీ పెళ్లికొడుకై గదిలోంచి బయటికొచ్చిన పెదనాన్నగారు సావిడి గుమ్మం దగ్గర ఆగిపోయారు. రెండు కర్టెన్లూ ఒకే రంగులో, ఒకే నిండుతనంతో నేల దాకా జారి ఉన్నాయి. దగ్గరికి లాగి చూశారు, దూరం జరిపి చూశారు, కిటికీ వైపు నుంచి ఒకసారి, వీధి వైపు నుంచి ఒకసారి చూశారు. చుట్టాలూ, పేకాట వాళ్లూ అందరూ ఉన్నారు. బాబాయిగారు ముక్కు ఎగబీల్చి, అదేంటో ఈ గుమ్మం దగ్గరకొస్తే ఆకలేస్తోందండీ అన్నారు. పెదనాన్నగారు నవ్వి, కర్టెన్ వైపు తిరిగి, మామ్మ అక్కడే ఉన్నా ఆమెతో కాకుండా నేరుగా, "అమ్మాయ్, రేపట్నుంచి వీధి గది నీది. ఒరేయ్, ఎవరి ముక్కలు వాళ్లు సర్దుకోండి" అన్నారు. ఆ మాటకి అమ్మ రెండు కర్టెన్ల మధ్య నుంచి బయటికొచ్చి, నాకు తెలిసి మొదటిసారి, అందరి ముందూ ఆయనకి ఎదురుగా వచ్చి కాళ్లకి నమస్కారం చేసింది. పెదనాన్నగారు తడబడిపోయి, అక్షింతల కోసం వెతుక్కుని, దొరక్క చేతిలో ఉన్న తమలపాకుతోనే దీవించారు.

మా ఆటకి నీళ్లొదిలారు కదండీ, ఇంతకీ ఈ కిటుకు ఎవరిది అని గుమస్తాగారు కొత్త జంపఖానా చుట్టుకుంటూ ఆరా తీశారు. గుండిగ దగ్గరే అమ్మ నోట అంతా విన్న మామ్మ ఆగుతుందా, కొడుకు సినిమా కుర్చీల కథ మొత్తం చెప్పేసింది. "మాస్టారూ, మీరు ఎవరి పక్షమండీ?" అని బాబాయిగారు నిలదీశారు. "నేను ఇంట్లోనే అన్నం తినాలి కదండీ" అన్నారు నాన్నగారు. సావిడంతా గొల్లుమంది.

ఆ తర్వాత వీధి గది కళే మారిపోయింది. కిటికీల కింద అమ్మ మిషను, చుట్టూ చాపల మీద ఆడపిల్లలు, కాగితాల మీద జాకెట్ల కత్తిరింపులు, మిషను చప్పుడుతో పాటు వీధి వీధంతా వినపడే నవ్వులు. పేకాట అరుగు మీదకి మారింది కానీ, వాన జల్లు కొట్టిన ప్రతిసారీ ఆగిపోయేది, ఆగినప్పుడల్లా నాన్నగారు లోపలికొచ్చి కిటికీ పక్కన కూర్చునేవారు. వచ్చిన మనిషిని ఊరికే కూర్చోనిస్తుందా అమ్మ, హుక్కులు కుట్టే పని ఒప్పజెప్పేది. పోనుపోను వాన లేకపోయినా రావడం మొదలుపెట్టారు. హుక్కు కుట్టడంలో మాస్టారిదే పనితనం అని పిల్లలు ఆటపట్టించేవారు. అరుగు మీద నాలుగో చెయ్యి లేక మిగతా ముగ్గురూ ఎంత తిట్టుకున్నారో ఆ దేవుడికే తెలియాలి.

ఆ కర్టెన్లని అమ్మ కంటికి రెప్పలా చూసుకుంది. చాకలి వాటిని చూసి ముచ్చటపడి, మంచి గంజి పెట్టి బండ మీద నాలుగు బాది తెస్తానమ్మా అంటే, అమ్మ గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి నిలబడింది. నూర్పిళ్ల ధూళి వచ్చే రోజుల్లో దింపి, నీడలో దండెం మీద వెనకవైపు బయటికి పెట్టి వేసి, వీపు మీద తట్టినట్టు మెత్తగా తట్టి దులిపేది. బ్రష్షుతో దువ్వితే కింద నుంచి పైకే దువ్వాలి, ఎదురు దువ్వకూడదు. వర్షాకాలం మన వైపు చెమ్మకి బూజు పట్టకుండా, వానలు తెరిపిచ్చినప్పుడల్లా గాలాడనిచ్చేది, దాయాల్సి వస్తే మడవకుండా కర్రకి చుట్టి ఎండు వేపాకు వేసి పాత పంచె చుట్టేది. ఆ పద్ధతులన్నీ వీధి గదిలో నేర్చుకున్న పిల్లలందరికీ కూడా చెప్పేది, వాళ్లలో ఎవరింట్లోనూ వెల్వెట్ లేకపోయినా సరే. ఎప్పటికైనా కొనుక్కుంటారుగా అనేది. వాళ్లలో చాలామంది తర్వాత నిజంగానే కొనుక్కున్నారు, ఆ కుట్టుతోనే పిల్లల్ని చదివించుకున్నవాళ్లూ ఉన్నారు, ఇప్పటికీ ఎక్కడైనా పెళ్లిలో కనపడితే నా చెయ్యి పట్టుకుని అమ్మని తలుచుకుంటారు.

ఇప్పుడు రాజమండ్రిలో మా ఫ్లాట్‌లో ఉన్నది నలుగురం, కొడుకూ కోడలూ మనవరాలూ నేనూ. ఎవరి గది వాళ్లది, ఎవరి ఫోను వాళ్లది, మా వాడి పేకాట కూడా ఫోనులోనే, ఎదుటి చెయ్యి ఎవరో వాడికీ తెలియదు. ఇంట్లో అన్నిటికంటే మంచి కిటికీ దగ్గర నా కోడలు తన ఆఫీసు బల్ల వేసుకుంది. ఎవరినీ అడగలేదు, గుమ్మం చాటున నిలబడలేదు, ఏ పందెమూ కాయలేదు. అది చూసినప్పుడల్లా నాకెంత సంతోషమో, మా అమ్మ చూసి ఉంటే ఎంత పొంగిపోయేదో. ఆ పాత రోజులే మంచివని నేను అనను, ఆ చీకటి బస్తాల గదిని నేను మర్చిపోలేదు.

కానీ ఒక్కటి మాత్రం అప్పుడప్పుడు అనిపిస్తుంది. ఆ ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క వెలుతురు గది కాబట్టి, దాన్ని వదులుకోవడంలో నాన్నగారికి అమ్మ మీద ఉన్న ప్రేమ ఎంతో ఊరందరికీ తెలిసిపోయింది. నోటితో ఆయన ఎప్పుడూ ఏమీ చెప్పి ఉండరు. మా వాడికీ పెళ్లాం అంటే అంతే ప్రేమ, నాకు తెలుసు. కానీ ఇప్పుడు అందరికీ అన్నీ ఉన్నాయి, ఒకరి కోసం ఒకరు లేచి ఇవ్వాల్సిన గది మా ఇంట్లో ఒక్కటీ లేదు.